తట్ట మీద గోపురం

పోయిన నెల మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. పాత గుళ్లు, కోటలు, బురుజులు బాగుచేసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడే కూర్చుని, టెలిఫోను తీగ మీద ఒకేచోట తమ పరిశోధనలు రాసుకుని, ఒకరివొకరు చదివి సరిదిద్దుకునే ఏర్పాటుకు నమూనా గీయమని మా అధికారి నాకు చెప్పాడు. తెర మీద ఏ గడి ఎక్కడుండాలో ముందు కాగితం మీద గీశాను. ఊరు, రాయి రకం, దెబ్బ, మరమ్మతు, ఫలితం. ఆరో గడికి "ఎవరు కొలిచారు, ఎట్లా కొలిచారు" అని పేరు పెట్టాను.

"ఇదెందుకయ్యా?" అన్నాడు అధికారి.

అది చెప్పాలంటే జనగామ నుంచి మొదలుపెట్టాలి.

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నేను జనగామ క్యాంపులో పనిచేశాను. గుళ్ల మరమ్మతుకు అప్పుడు మావి మూడు క్యాంపులు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి చేరేది కాదు. జనగామలో చెడిపోయిన పనే మరుసటి ఏడు భూపాలపల్లిలో మళ్లీ అట్లాగే చెడిపోయేది. అందుకని నేనొక రేకు పెట్టె చేయించాను. లోపల అట్ట కార్డులు, ప్రశ్నకొకటి. తెలిసినవాళ్లు కింద జవాబు రాయాలి. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేయకూడదు. జనగామకు నీలం పెన్సిలు, మహబూబాబాదుకు ఎరుపు, భూపాలపల్లికి ఆకుపచ్చ. అడుగున చిన్న అరల్లో సున్నం ముక్కలు, రాతి పెళ్లలు గుడ్డలో చుట్టి పెట్టేవాళ్లం. పెట్టె ప్యాసింజరు రైల్లో కాజీపేట మీదుగా మహబూబాబాదు పోయేది. తిరిగొచ్చి పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లి పోయేది. కండక్టర్లు దాన్ని "గుళ్ల టిఫిను" అనేవాళ్లు. మూత తీస్తే సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం వాసన గుప్పుమనేది. ఆ వాసన ఈ కంప్యూటరు గదిలో ఎక్కడా లేదు. చల్లటి గాలి మాత్రం ఉంది.

ఎర్ర అక్షరాలు మహబూబాబాదులోని కెమిస్టు మేడంవి. ఆకుపచ్చవి భూపాలపల్లి మేస్త్రివి. మేస్త్రి వంకరగా రాసేవాడు, కానీ ఒక్క కార్డు కూడా ఖాళీగా పంపేవాడు కాదు. "మేడం మార్కులేసినట్టు ఎర్రగ రాస్తది గని, మంచిగనే చెప్తది" అనేవాడు.

ఆ ఎండాకాలం మొగుళ్లపల్లి దిక్కు ఒక ఊళ్లో చిన్న రాతి గుడి కప్పు కారుతోంది. ఆ ఊరి పటేలు విసిగిపోయాడు. "మిరుగం వానల దాకా చూస్త ఓవర్సీరూ. అటెన్క సిమెంటు పోపిస్త. నా ఇంటికి కాదు గద, దేవునికే" అన్నాడు. బస్తాలు అప్పటికే అతని కొట్టంలో దిగాయి. సిమెంటు పోస్తే గుడి చేజారినట్టే. తేమ బయటికి పోక గోడల్లోకి దిగుతుంది, స్తంభాల మీది చెక్కడాలు పొరలు పొరలుగా ఊడిపోతాయి, తర్వాత తీద్దామన్నా సిమెంటుతో పాటు రాయి ఊడివస్తుంది. పటేలుకు అది ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆయన చూస్తున్నది కారుతున్న నీళ్లు.

మహబూబాబాదు వాళ్లు గానుగలో నూరిన డంగు సున్నంతో వేసిన కప్పు రెండు వానాకాలాలు కారకుండా నిలిచింది. పాళ్లు మేడం కార్డు మీద రాసి పంపింది: సున్నం ఒక తట్ట, ఇసుక రెండు తట్టలు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, గానుగలో ఎన్ని చుట్లు తిప్పాలో. నేను పెట్టెతో పాటు భూపాలపల్లి పోయి, మేస్త్రితో కలిసి ఆ గుడి కప్పు మీద ఒక మూల వేసి చూశాను. ఆరాక గోటితో గీకితే ఇసుకలాగా రాలింది.

పటేలు నిచ్చెన ఎక్కి చూశాడు. "ఏంది, పెట్టెల పెట్టి పంపితె సున్నం గట్టిపడ్తదా?" అన్నాడు.

కారణాలన్నీ వరసగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. సున్నం రెండు చోట్లా ఒకే బట్టీది. ఇసుక మార్చాం. నీళ్లు మార్చాం. మళ్లీ రాలింది. కార్డు పంపితే మేడం అక్కడ అవే పాళ్లతో కొత్తగా కలిపించి, ఆ ముక్కను పెట్టె అడుగున పెట్టి పంపింది. నేల మీద కొడితే టంగుమంది. కార్డు మీద ఎర్రగా ఒక్క మాట: "ఇక రాసి లాభం లేదు, కలిపే మనిషిని పంపుతున్నాను."

పెట్టెను చంకలో పెట్టుకుని ఒక అక్క బస్సు దిగింది. కేసముద్రం ఆమె. సీజనులో అక్కడి మార్కెట్‌ యార్డులో వడ్లు ఎత్తి పోస్తుంది, సీజను లేనప్పుడు మహబూబాబాదు క్యాంపులో సున్నం కలుపుతుంది. చాయ్ తాగి, కొంగు బిగించి, మావాళ్లు తట్ట నింపి పైన కర్రతో సమంగా గీకడం చూసింది. ఆ గీకడం నేను పెట్టిన నియమం.

"గదేంది, సున్నం గీకుతున్నరు?"

"కొలత అక్కా" అన్నాను.

"దేవునికిచ్చే సున్నం గీకి పోస్తరా? మా అంగట్ల బిచ్చం గూడ గీకి పెట్టరు సారు."

"మరి ఇసుకో?" అన్నాడు మేస్త్రి.

"ఇసుకదేమున్నది, వాగుల దొరికేది. గది గీకుండ్రి. సున్నం కొనుకొచ్చి ఇచ్చేది గాదె?"

తట్ట మీద గోపురంలాగా నిలిచి, ఇంక జారిపోతుందనేదాకా సున్నం పోసింది.

"మేడం ముందట గూడ గిట్లనే పోస్తవా?" అని మేస్త్రి అడిగాడు.

"మేడం తట్టలు లెక్కపెడ్తది. తట్ట మీదిది దేవుడు లెక్కపెడ్తడు."

మేస్త్రి నా వైపు తిరిగి, "అంటే గిన్ని దినాలు దేవుని సున్నం మనమే గుంజుకున్నం సారు" అన్నాడు. అక్క నవ్వింది. పాళ్లు తప్పుతున్నాయని ఆమెకూ తెలియదు. అటు మేడం కార్డు మీద ఒకటికి రెండు అని ఉంది, ఇటు నా చేతిలో కర్ర ఉంది.

నాకు అరవైతొమ్మిది గుర్తొచ్చింది. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డప్పుడు నేను చిన్నవాణ్ని. ఊరికే ఎందుకు తిరగాలని బాపు నన్ను వడ్ల కుప్ప దగ్గర కూర్చోబెట్టి, కొలిచి పోసే మానికలు లెక్కపెట్టమనేవాడు. మొదటి మానికను ఒకటి అనకూడదు, లాభం అనాలి. అమ్మేవి గీకి కొలిచేవాళ్లు. వాకిట్లోకి ఎవరైనా అడగవస్తే మాత్రం మా అవ్వ మానిక మీద పిడికిలితో ఇంకా పోసి, కింద రాలినవి కూడా ఎత్తి ఇచ్చేది. పాలిటెక్నిక్‌లో కొలత పెట్టె ఇచ్చి అంచుకు గీకమన్నారు. రెండూ నాకు తెలిసినవే. ఒకటి ఇంటిదని, ఒకటి కాలేజీదని వేరు వేరుగా పెట్టుకున్నాను.

గోపురాన్ని విడిగా ఇంకో తట్టలోకి తీసి కొలిస్తే మూడో వంతు తట్ట వచ్చింది. ఆ తేడా చాలు, సున్నం గట్టిపడటానికీ రాలడానికీ. కార్డు మీద నా నీలం పెన్సిలుతో రాసి, కప్పంతా ఆ పాళ్లతోనే వేశాం. రోహిణి ఎండల్లో పగుళ్లు రాకుండా తడి గోనెసంచులు కప్పి, పొద్దున సాయంత్రం నీళ్లు చల్లాం. పని కుదిరిందని అక్క కేసముద్రం వెళ్లిపోయింది.

మిరుగం మొదటి వాన పెద్దదే పడింది. పటేలు గొడుగు మడిచి గుడి లోపల కూర్చున్నాడు. నేను, మేస్త్రి ఎదురుగా కూర్చున్నాం. ముగ్గురం పైకే చూస్తున్నాం. వాన వెలిసింది. తర్వాత పటేలు బండల మీద అరచేయి రాసి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"సిమెంటు ఊకె గడ్డకడ్తది. ఎడ్ల కొట్టంల పోపిస్త" అన్నాడు. మెట్లు దిగుతూ ఆగి, "గా కేసముద్రం ఆమెకు చెప్పుండ్రి. దేవునికి ముట్టిందని" అన్నాడు.

ఆ మాట కార్డు మీద ఏ వరసలో రాయాలో తెలియక వెనకవైపు రాసి పెట్టెలో పెట్టాను. ఈ కంప్యూటరు తెరకు వెనకవైపు ఉండదు. అందుకే ఆరో గడిని మిగిలిన వాటికంటే పెద్దగా గీశాను.