గ్రిల్ వెనక నల్ల కాగితం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళప్పుడు, మేం అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ ఏడాది దసరాకి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నాన్న కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. శుక్రవారంతో ఆయన ఉద్యోగం ఆఖరు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే మేం దేశం విడిచి పోవాలి. నాకెవరూ చెప్పలేదు కానీ అమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పు వేయడం చూసి నాకే అర్థమైంది. మిగిలింది ఒకే ఒక్క ఇంటర్వ్యూ, గురువారం పొద్దున, రైలు వెళ్ళని ఊళ్ళో. సరిగ్గా ముందురోజే మా కారు మొరాయించింది.

పక్కింటి అంకుల్ తన కారులో తీసుకెళ్తానన్నారు. ఆయన ఎప్పుడో డెబ్బైల్లో వచ్చిన ఇంజనీరు, రిటైరయ్యారు. యాభైల నాటి అమెరికన్ కారొకటి కొని పసిబిడ్డలా చూసుకునేవారు. పడవంత కారు. వెనక రెండు రెక్కలు, పక్కల మూడేసి గుండ్రటి రంధ్రాలు, బానెట్ మీద గాలి పీల్చే ముక్కులాంటిదొకటి, ఎక్కడ చూసినా తళతళలాడే క్రోమ్. ఒకసారి అంకుల్ నా వేలు పట్టుకుని ఆ రంధ్రంలో పెట్టించారు. సగం కూడా వెళ్ళకుండానే రేకు తగిలింది. "చూశావా తల్లీ, ఉత్త సోకు! రెక్కలూ అంతే, ఆ ముక్కూ అంతే," అని నవ్వారు. ఆ కారు మీద ఉన్నదంతా సోకేనని నేను తీర్మానించేసుకున్నాను. అన్నీ తెలిసిన పిల్లని మరి.

బుధవారం సాయంత్రం అమ్మ ఆ కారుకి బండిపూజ చేసింది. "రేపు ఈయన్ని తీసుకెళ్ళేది ఈ బండే కదా అన్నయ్యగారూ" అంటే అంకుల్ కాదనలేకపోయారు. అలంకారం నాకు అప్పగించారు. అమ్మవారి మండపానికి తెచ్చిన థర్మోకోల్ షీట్లు మిగిలితే, సన్నగా కోసి, తెల్లగా కనబడకుండా నల్ల కాగితం అంటించి, కారు ముందు జాలీలా ఉండే గ్రిల్ కడ్డీల వెనక్కి బిగుతుగా దూర్చాను. వాటికి నిండా బంతిపూలు గుచ్చాను. అమ్మ నా బుగ్గ గిల్లి మెచ్చుకుంది.

గురువారం చీకటి ఉండగానే అంకుల్ దండలూ పూలూ తీసేశారు. నల్ల కాగితం ఆయనకి కనబడలేదు. స్కూల్‌కి సెలవని నేనూ వెనక సీట్లో ఎక్కాను. నాన్న కొత్త టై కట్టుకుని, తనలో తనే జవాబులు వల్లె వేసుకుంటున్నారు. హైవే ఎక్కాక కాసేపటికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. అంకుల్ కారు పక్కకి ఆపేశారు.

నేనూ దిగాను. ఆయన వంగి గ్రిల్‌లో వేళ్ళు పెట్టి ఒక నల్లటి ముక్క లాగారు. దానికింకా ఒక పసుపు రేక అంటుకుని ఉంది. ఆయన నా వైపు చూశారు. అవతల నుంచి నాన్న పరుగున వచ్చి, "ఏమైందండీ?" అన్నారు.

అంకుల్ ఆ ముక్కని కోటు జేబులో పెట్టేసుకున్నారు. "ముసలి బండి కదా బాబూ. రేడియేటర్ చెక్ చేసుకోవాల్సింది. తప్పు నాదే."

పెద్దవాళ్ళ మీద నాన్న గొంతు లేపడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఈ డొక్కు బండిని నమ్మి నా బతుకు పణంగా పెట్టానండీ!" అని అరిచారు. అంకుల్ తలవంచుకుని విన్నారు. నేను వెళ్ళి వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను.

నాన్న అటు తిరిగినప్పుడు అంకుల్ మిగతా ముక్కలూ లాగేశారు. ఇంజన్ చల్లారేదాకా ఆగి, దాని వేడి లోపలికి లాగేయడానికి హీటర్ మొత్తం పెట్టి, అద్దాలు దించి మళ్ళీ బయల్దేరాం. నాన్న చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గంటన్నర ఆలస్యంగా చేరాం. ఆయన పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో వచ్చేశారు. టై చేతిలో ఉంది. మాట్లాడాల్సిన మేనేజర్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిపోయాడట. వాళ్ళు మళ్ళీ పిలవలేదు.

మేం సామాను సర్దుకుంటున్న రోజుల్లో అంకుల్ నన్ను గరాజ్‌లోకి పిలిచారు. ఇంజన్ స్టార్ట్ చేసి, నా అరచెయ్యి గ్రిల్ ముందు పెట్టించారు. చేతిని రాసుకుంటూ గాలి లోపలికి పోతోంది. "ఇది సోకు కాదమ్మా, ఇదే దాని ఊపిరి. ఆ రోజు అన్నీ చూపించి ఈ ఒక్కటీ చూపించలేదు. అందుకే తప్పు నాదన్నాను," అన్నారు. నాన్నకి చెప్పమని మాత్రం అనలేదు. ఎప్పటికైనా నేనే చెబుతాననుకున్నాను.

హైదరాబాద్ వచ్చాక నాన్న ఆయనకి ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఇంటికెవరొచ్చినా, ఆ డొక్కు బండి ఎక్కకపోయి ఉంటే అంటూ మొదలుపెట్టేవారు. నేను కాఫీలు అందిస్తూ వినేదాన్ని. ముందు అంకుల్ పోయారు, తర్వాత నాన్న. ఇప్పటికీ ఏ వస్తువునైనా ఉత్త అలంకారమే అనేముందు వేలు పెట్టి చూస్తాను. ఆ అలవాటు ఒక్క పూటలో అబ్బింది. తప్పు నాది అనే రెండు మాటలు మాత్రం నాన్న ఉండగా నా నోట రాలేదు.