నర్సమ్మ క్లచ్ ప్లేటు

ముప్పై ఏళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారుకు క్లచ్ అరిగిపోవడంతో, రిటైరైన నర్సమ్మ మూడు రోజులుగా స్పేర్ పార్టుల దుకాణానికి వస్తోంది. దుకాణదారు చూపించిన రెండు రకాల క్లచ్ ప్లేట్లనూ తడిమి చూస్తూ అడిగిందే అడుగుతోంది.

"ఇది గట్టిగా పట్టేస్తుంది పిన్నీ, కానీ పెడల్ బరువు. మీ మోకాలికి రెండోదే నయం. మొన్నే చెప్పాను కదా!" అన్నాడు దుకాణదారు.

"చెప్పావు నాయనా. మళ్లీ ఒకసారి చెప్పు."

"ఇంకా ఏంటి మీ సందేహం?"

"అది మొదటి రోజే తీరిపోయింది. ఇంట్లో మాట్లాడదామంటే గోడలే దిక్కు" అంది, తల వంచుకుని.

అతను నొచ్చుకుని, స్టూలు జరిపి కూర్చోబెట్టి, మొదటినుంచీ ఓపిగ్గా చెప్పాడు. ఆమె రెండోదే కొంది.

కారు బాగైంది. మర్నాడు పొద్దున్నే తయారై, తాళం చెవి తీసుకుని కార్లో కూర్చుంది. పెడల్ దూదిలా దిగింది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఎంతకీ తోచలేదు.