వామన్‌రావు గారి అభ్యంతరం

మా మేనమామ వామన్‌రావు ఏ మాటనూ సూటిగా చెప్పి ఎరుగడు. మొజంజాహీ మార్కెట్‌లో ద్రాక్షపళ్ళు కొనాలన్నా ముందు పళ్ళవాడి ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో కనుక్కోవాలి, ఎండల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, పళ్ళు బాగున్నాయని మెచ్చుకోవాలి. ఆ తరువాత వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి ధర అడగాలి. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో దవాఖానకు వెళ్ళి, డాక్టరు ఎలా ఉందని అడిగితే "అంతా తమరి దయ సాబ్, నాకేం తక్లీఫ్ లేదు" అన్నాడు. ఆ డాక్టరు పాతకాలం మనిషి కాబట్టి నవ్వి, నాడి చూసి మందిచ్చాడు.

ఇది ఆయన ఒక్కడి చాదస్తం అనుకోకండి. నిజాం సర్కారు దఫ్తర్లలో పనిచేసిన ఆ తరం వాళ్ళంతా అంతే. అధికారి ముందుకు వెళితే మొదట సలాం, తరువాత యోగక్షేమాలు, తరువాత "మాకు ఏ ఫిర్యాదూ లేదు" అనడం. అసలు సంగతి అన్నిటికన్నా చివర, చిన్న మనవిలాగా వస్తుంది. కుర్చీలో కూర్చున్నవాడికీ ఈ మర్యాద తెలుసు. మొదటి మాటల్ని పక్కన పెట్టి ఆ చివరి మాట కోసం ఎదురుచూసేవాడు. ఈ పద్ధతిలో మామ చాలామందికి పనులు చేయించిపెట్టాడు, అందులో అబద్ధం లేదు. నాంపల్లిలో మా గల్లీలో ఎవరికి సర్కారు పని పడినా "వామన్‌రావు సాబ్‌ను తోలుకపోతే అయితది" అని ఇంటికి వచ్చేవారు. ఆయన షేర్వానీ గుండీలు పెట్టుకుని ఎంతో ఉత్సాహంగా బయలుదేరేవాడు.

నేను చదువుకోవడానికి ఆయన ఇంటికి వచ్చింది 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే. తరువాత రెండేళ్ళకు ఆయన పింఛను పుచ్చుకుని బయటపడ్డాడు. దఫ్తర్లలో భాష మారింది, కుర్చీల్లో మనుషులు మారారు. చివరి మాట కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. మా మామకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు.

మా అమ్మ ప్రభావతి మైలారంలో ఉండేది. ఊరికి కాస్త ఎగువన దుప్పలవాగు మీద ఒక చిన్న ఆనకట్ట, దాని పక్కన ఒక చిన్న పవర్‌హౌస్ ఉన్నాయి. జాగీర్దారు తన బంగళాలో దీపాల కోసం కట్టించుకున్నది. జాగీర్లు పోయాక అది ఒక కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ ఆఫీసు ఆబిడ్స్‌లో, ఒక బట్టల దుకాణం పైన. కరెంటు తయారయ్యేది మైలారం నెత్తిన, వెలిగేది పక్క కస్బాలోని రైసు మిల్లుల్లో, సినిమా హాల్లో. మైలారంలో మాత్రం కిరసనాయిలు బుడ్డీలే. దానికి కూడా మావాళ్ళు ఏడవలేదు. ఏడ్చింది నీళ్ళ గురించి. పగలంతా నీళ్ళు బిగబట్టి, సాయంత్రం కస్బాలో దీపాలు పెట్టేవేళకు ఒక్కసారిగా వదిలేవారు. పొలాలు వాగుకు అవతల ఉన్నాయి. ఎండిన వాగులో నడిచి కూలీలు ఇళ్ళకు తిరిగేది సరిగ్గా ఆ వేళకే. నీళ్ళు వదిలే ముందు ఒక గంట కొట్టడం లేదు, ఒక కూత లేదు. మా పొలంలో పనిచేసే జంగమ్మ మొగుడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దాటుతూ అలాగే కొట్టుకుపోయాడు.

1967లో కంపెనీ లైసెన్సు గడువు ముగిసింది. కొత్త లైసెన్సు ఇచ్చే ముందు ప్రజల అభ్యంతరాలు వింటామని ఇంగ్లీషు పేపర్లో ఒక మూల ప్రకటన వేశారు. మైలారంలో ఇంగ్లీషు పేపరు చదివేవాడు ఒక్కడూ లేడు. ఇది తెలిసి వేశారో తెలియక వేశారో ఆ దేవుడికే ఎరుక. నేను అప్పటికి ఆబిడ్స్ దగ్గర ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి ఉన్నాను. స్టాఫ్‌రూములో అది నా కంటపడింది. సాయంత్రం ఇంటికి వచ్చి మామకు చూపించాను.

"మామా, ఒక కాగితం రాసిస్త. నీళ్ళిడిసే ముందుగాల సైరన్ మోగియ్యాలె, గీ షరతు లైసెన్సుల పెట్టాలె. గంతే గద."

"కాగితమెందుకు బిడ్డా? రాసిస్తే దావా ఏసినట్లుంటది. అవతలోడు మొండికేస్తడు. నేనొచ్చి మాట్లాడ్త. సైరనేంది, దానికొక మనిషిని గూడ పెట్టిస్త."

విచారణ రోజు పొద్దున్నే, మేము పంపిన కబురు అందుకుని మైలారం నుంచి పదిమంది దాకా బస్సు దిగి వచ్చారు. జంగమ్మ కూడా వచ్చింది. కూతురు పోశవ్వ పెళ్ళికి కొన్న చీర కట్టుకుని వచ్చింది, సర్కారు ముందు నిలబడాలి కదా అని. నాంపల్లిలో మా ఇంటి నుంచి విచారణ జరిగే దఫ్తరు దాకా నడుస్తూ ఆమె మామను అడిగింది.

"అయ్యా, నన్ను గూడ ఒక మాట చెప్పనిస్తరా?"

"నీ మాట నేనే చెప్త గద జంగమ్మా. ఫికర్ చెయ్యకు."

అధికారి పేరు గోపాలరావు. కోస్తా నుంచి వచ్చినవాడు, మెత్తగా మాట్లాడే మనిషి. పక్కన కంపెనీ మేనేజరు శ్యామ్‌సుందర్ కూర్చున్నాడు. "మీ అభ్యంతరాలేమిటో నిర్మొహమాటంగా చెప్పండి. మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను" అన్నాడు గోపాలరావు. మా మామ లేచి, షేర్వానీ సర్దుకుని, వంగి సలాం చేశాడు.

"హుజూర్, తమరసుంటి పెద్దలు మా గరీబోళ్ళను పిలిచి అడుగుడే మా నసీబు. కంపెనీ మీద మాకు ఏ ఏతరాజ్ లేదు. వాళ్ళ కారోబార్ మంచిగ సాగాలె, లైసెన్సు వాళ్ళకే రావాలె అని మేం గూడ కోరుకుంటున్నం."

"ఏతరాజ్ అంటే అభ్యంతరమే కదండీ?" అని అడిగాడు గోపాలరావు.

"ఔ సాబ్."

ఆయన రాసుకున్నాడు. రాసి, కలానికి మూత పెట్టాడు. నేను వెనక బల్ల మీద నుంచి చూస్తూనే ఉన్నాను. మామ ఆనకట్టను పొగిడాడు, మేనేజరు మంచితనాన్ని పొగిడాడు, చివరికి గొంతు తగ్గించి, "జర ఒక చిన్న అర్జ్. సాయంత్రం నీళ్ళిడిసేటప్పుడు ఒక్క సైరన్ మోగిపిస్తే మా కూలోళ్ళ ప్రాణాలు దక్కుతయి" అన్నాడు. పదిమందీ బస్సెక్కి వచ్చింది ఆ ఒక్క వాక్యం కోసం. గోపాలరావు తల పంకించి శ్రద్ధగా విన్నాడు. కలం మూత మాత్రం తియ్యలేదు.

జంగమ్మ లేచింది. "సారూ, నా పెనిమిటి..." అని మొదలుపెట్టింది. మామ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. "కూసో జంగమ్మా, నేను చెప్పిన గద." ఆమె కూర్చుంది. పెద్దమనిషి మాట్లాడాక ఇంకొకరు మాట్లాడితే ఆయన్ని తక్కువ చేసినట్టు. గోపాలరావు మిగతావాళ్ళను అడిగితే "అయ్య చెప్పిండు సారూ" అన్నారు. నాకు ఒళ్ళు మండి లేచాను. సైరన్ సంగతి రాసుకోమని అడిగాను. గోపాలరావు చిరునవ్వు నవ్వాడు. "పెద్దవారు అంత చక్కగా చెప్పాక మళ్ళీ దేనికమ్మా? విన్నాను కదా."

బయటికి రాగానే మేనేజరు శ్యామ్‌సుందర్ మా మామ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందరినీ మొజంజాహీ మార్కెట్‌కు తీసుకువెళ్ళి ఐస్‌క్రీం తినిపించాడు. జంగమ్మ పళ్ళు జివ్వుమంటున్నాయని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఉత్తర్వు రావడానికి కొన్ని నెలలు పట్టింది. కంపెనీకి ఇంకో ఇరవై ఏళ్ళు లైసెన్సు ఇచ్చారు. విచారణకు హాజరైన గ్రామస్థుల తరఫున వారి పెద్ద తమకు ఎలాంటి అభ్యంతరమూ లేదని, లైసెన్సు ఇవ్వాలని కోరినట్టు అందులో ఉంది. సైరన్ ఊసే లేదు. నేను బడి నుంచి నేరుగా గోపాలరావు దగ్గరికి వెళ్ళాను.

"నేను ఒక్క ముక్క కూడా కల్పించలేదమ్మా. ఆయనగారు అన్నదే రాశాను" అన్నాడు.

"సైరన్ అడిగిన్రు గదా సార్."

"అది విజ్ఞప్తి. మేము పిలిచింది అభ్యంతరాలకు. అభ్యంతరం ఉంటే అభ్యంతరమని చెప్పాలి కదమ్మా."

ఆయనకు అర్థం కాలేదని నేను చస్తే ఒప్పుకోను. అన్నీ అర్థమయ్యాయి. అయినా తనకు పని తగ్గించే వాక్యం ఒకటి దొరికింది, అది చాలనుకున్నాడు. గల్లీలో మావాళ్ళు "ఆంధ్రోడు, గట్లనే రాస్తడు" అన్నారు. అదీ నాకు నచ్చలేదు. శ్యామ్‌సుందర్ ఎక్కడివాడు? హిమాయత్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడు. మామ మర్యాద అర్థం అతనికి నాకన్నా బాగా తెలుసు. మనసులో లెక్కలు వేసుకుంటూనే మాకు ఐస్‌క్రీం తినిపించాడు.

మామ మాత్రం నమ్మలేదు. "కాగితంల లేకుంటేంది? మేనేజర్ సాబ్ నా చెయ్యి పట్టుకున్నడు. పెట్టిస్తడు" అన్నాడు. మైలారం నుంచి ఎవరు వచ్చినా సైరన్ పెట్టారా అని అడిగేవాడు. అది కూడా సూటిగా కాదు, పంటల గురించి, పశువుల గురించి అడిగాక. వాళ్ళు లేదనేవారు. రెండుసార్లు ఆబిడ్స్‌లో కంపెనీ ఆఫీసు మెట్లెక్కాడు. రెండుసార్లూ మంచి చాయ్ ఇచ్చి పంపారు. చాయ్ బాగుందని ఇంటికి వచ్చి మాతో చెప్పాడు. ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

1969లో ప్రత్యేక తెలంగాణ గొడవలతో బడులు మూతపడ్డాయి. నేను మైలారంలో అమ్మ దగ్గర ఉన్నాను. ఒకరోజు సాయంత్రం జంగమ్మ మా పొలం నుంచి ఇంటికి వస్తూ వాగులో దిగింది. కస్బాలో ఆ రోజు కొత్త సినిమా వేస్తున్నారట, నీళ్ళు కాస్త ముందే వదిలారు. గట్టు మీద ఉన్నవాళ్ళు అరిచేలోపు అయిపోయింది. కిందనున్న తుమ్మపొదల్లో దొరికింది. కంపెనీ మనిషి వచ్చి, లైసెన్సులో అలాంటి షరతు ఏదీ లేదని, ఊరివాళ్ళు అప్పుడు అభ్యంతరం కూడా చెప్పలేదని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

కర్మకు మామ వచ్చాడు. బస్సులు సరిగ్గా నడవని రోజుల్లో ఎలా వచ్చాడో తెలియదు. జంగమ్మ కూతురు పోశవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఈయన ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యా, ఆనాడు పట్నంల మీరేమని చెప్పిన్రు?" అని అడిగింది పోశవ్వ.

"సైరన్ పెట్టుమని చెప్పిన బిడ్డా."

"మరి మీరేం అడగలేదని అంటున్రు గద. ఎట్ల చెప్పిన్రో జర చెప్పున్రి."

మామ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ప్రతి మాటా గుర్తుంది. తమరసుంటి పెద్దలు అన్నాడు, మా నసీబు అన్నాడు. "కంపెనీ మీద మాకు..." అని ఆగిపోయాడు. పోశవ్వ ముఖంలోకి చూస్తూ ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. పోశవ్వకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"మా అమ్మ గూడ గాడనే ఉండె గదయ్యా. అమ్మను చెప్పనియ్యకపోతిరి" అంది.

మామ మళ్ళీ నాంపల్లికి రాలేదు. ఇంట్లో సామాను, షేర్వానీలు అక్కడే ఉన్నాయి. అత్తయ్య వెళ్ళి బతిమాలినా కదల్లేదు. మా అమ్మ ఇంట్లో ఒక మూల ఉండిపోయాడు. రోజూ మధ్యాహ్నం ఎండ తగ్గగానే ఆనకట్ట కనిపించేటట్టు వాగు గట్టు మీద కూర్చునేవాడు. తూము తిప్పే మనిషి చక్రం దగ్గరికి రావడం చూడగానే లేచి అరిచేవాడు. "నీళ్ళిడుస్తున్రు, పైకి రాండ్రి, ఉరుకుండ్రి" అని. సలాం లేదు, యోగక్షేమం లేదు. ఆ బక్క మనిషిలో అంత గొంతు ఉందని మాకెవరికీ తెలియదు. అవతలి పొలాల దాకా వినిపించేది. గొంతు పూడిపోయి రాత్రిళ్ళు అన్నం మింగలేకపోయేవాడు. నేను సెలవులకు వెళ్ళి చూసినప్పుడు ఏమనాలో తోచక, ఎట్లున్నవ్ మామా అని అడిగాను.

"మంచిగ లేను" అన్నాడు.

1973 శీతాకాలంలో పోయాడు. ఆయన అరిచిన ఆ నాలుగేళ్ళలో వాగులో ఎవరూ పోలేదు. దుప్పలవాగు మీద ప్రమాదాలు లేవని కంపెనీ సర్కారుకు రాసుకుందట, తమ నిర్వహణ మెరుగైందని కూడా రాసుకుందట. ఇప్పుడు పోశవ్వ సాయంత్రం కూలిపని మధ్యలో వదిలి గట్టెక్కి అరుస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, చంకలో పిల్ల ఉంది. లైసెన్సు గడువు 1987 దాకా ఉంది.