గడప కింది కేబుల్

భోపాల్‌పట్నంలో మా ఇంటి గడప టేకుది. శుక్రవారం శుక్రవారం దాన్ని కడిగి పసుపు రాయడం అమ్మ పోయాక నా పని అయింది. ఒకప్పుడు ఇంద్రావతి ఒడ్డున కొన్ని ఊళ్లు మా తాతగారి మాట మీద నడిచేవి. ఇప్పుడు ఇంట్లో వానకు తడవనివి రెండే: హాలు, దాని వెనక నా గది. ఆ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాద్ పిల్లలకు హిందీ పాఠాలు చెప్పి బతుకుతున్నాను. అందుకు తల దించుకోను. గడపకు పసుపూ మానలేదు.

పోయిన వర్షాకాలంలో పాఠాలు మధ్యలో తెగడం మొదలైంది. "టీచర్, మీరు ఆగిపోయారు" అనేవాళ్లు పిల్లలు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. వసారాలో ఉన్న రూటర్‌ను కాసేపు ఆపి చూశాను. ఏమీ మారలేదు. ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు పెట్టాను.

లైన్లు చూసే అతను పక్క ఊరివాడు, నలభై ఏళ్ల మనిషి. అతని తాత మా పొలాల్లో పనిచేశాడు. వసారాలో నిలబడి, రూటర్‌కు తన లాప్‌టాప్ తగిలించి చూసి, "మంచిగనే వస్తాంది దొరసానీ" అని వెళ్లిపోయాడు. నా గదిలో మాత్రం అదే నత్తనడక. రెండోసారి వచ్చినా అదే మాట. అబద్ధమాడుతున్నాడని నిశ్చయించుకున్నాను. మూడో ఫిర్యాదులో ఆ మాటే రాశాను.

మర్నాడు పొద్దున్నే హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. జిల్లా కేంద్రం బీజాపూర్‌లోని కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట.

"మీ శికాయత్ సాయంత్రం లోపట వాపస్ కాకుంటే నా నౌకరి పోతది" అన్నాడు.

"నేను లేనిది రాయలేదు."

"నేను లేనిది చెప్పిన్నా? ఈడ చూడండ్రి." లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. వేగం నిండుగా ఉంది.

"లోపల రావడం లేదు."

"లోపల నేనెన్నడు చూసిన?" అన్నాడు. "ఇంటర్నెట్ సుత మా లెక్కనే ఉన్నది దొరసానీ. గడప కాడనే ఆగుతాంది."

అతను నవ్వలేదు. వచ్చిన ప్రతిసారీ వసారాలోనే నిలబడ్డాడు. లోపలికి రావద్దని నేను అనలేదు. మా ఇంట్లో ఆ మాట అనవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అతను బయట చూసి చెప్పాడు, నేను లోపల చూసి రాశాను.

"లోపలికి రా."

"దీని మీద గూడ రాయరు గదా?"

బూట్లు విప్పి, గడపకు కాలు తగలకుండా ఇంత పెద్ద అంగ వేసి వచ్చాడు. కేబుల్ ఎంత వేగంతో కలిసిందో కంప్యూటర్‌లో తెరిచి చూపించాడు. పది అని ఉంది. వంద ఉండాలన్నాడు. సంచీలోంచి కొత్త కేబుల్ తీసి, రూటర్ నుంచి తలుపులోంచి నా గదిదాకా నేలమీద పరిచి తగిలించాడు. వంద కనిపించింది.

"మీ కంప్యూటర్ మంచిగుంది. లైన్ మంచిగుంది. నడుమ వైరే పోయింది."

పాత కేబుల్‌ను చేత్తో తడుముతూ గోడ వెంట వెనక్కి నడిచి, గడప దగ్గర ఆగాడు.

"దీన్ని గడప కిందికెల్లి ఎవరు పోనిచ్చిన్రు?"

నేనే. కనెక్షన్ ఇచ్చిననాడు హాలు గోడకు రంధ్రం వేస్తామన్నారు. అది తాతగారి పటం ఉన్న గోడ. ఒప్పుకోలేదు. గడప కింద సందులోంచి వేయించాను. కేబుల్ చాలక అతుకు సరిగ్గా అక్కడ పడింది.

అతను దాన్ని బయటికి లాగాడు. అతుకు మీద చుట్టిన టేపులోంచి పసుపు నీళ్లు కారాయి. లోపలి రాగి తీగలు చిలుము పట్టి, రెండు తెగిపోయి ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం ఆ గడప మీద చెంబుల కొద్దీ నీళ్లు పోసింది నేనే.

"గోడకు సురాఖ్ కొట్టాలె. మీరు ఊ అంటేనే."

పటం వైపు చూశాను. "కొట్టు" అన్నాను.

సున్నం పొడి పటంలో తాతగారి తలపాగా మీది అద్దంపై పడింది. తుడవబోయి, చెయ్యి మధ్యలో ఆపి నా వైపు చూశాడు. తల ఊపాను. చొక్కా అంచుతో తుడిచాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకునే పేజీ తెరిచాను. "సమస్య తీరిందని నొక్కితే సాలు" అన్నాడు వెనక నిలబడి. అది నొక్కితే నేను రాసిన మాట అతని పేరు మీద అలాగే ఉండిపోతుంది. కింద ఖాళీలో, ఆఫీసువాళ్లు చదివే హిందీలో రాయడం మొదలుపెట్టాను. రోజూ పాఠం చెప్పే భాషే అయినా, మూడు వాక్యాలకు చాలా సేపు పట్టింది. ఇతను ప్రతిసారీ నిజమే చెప్పాడు. అబద్ధమని రాసిన తప్పు నాది. కేబుల్ పాడైంది నా వల్లనే.

పంపమని నొక్కగానే అది వెళ్లిపోయింది. అతను బీజాపూర్‌కు ఫోన్ చేసి, అవతలి మాట విని, "జీ సార్, రేపు డ్యూటీకొస్తా" అని పెట్టేశాడు.

నీళ్లు తెద్దామని వంటింట్లోకి వెళ్లాను. గ్లాసుతో వచ్చేసరికి వసారాలో బూట్లు తొడుక్కుంటున్నాడు.

"లోపల ఉన్నప్పుడు ఇయ్యకపోతిరి" అన్నాడు. గ్లాసు అందుకుని, నిలబడే తాగాడు.