పద్మ కోసం కొన్న మస్కట్ బండి

బండి కొని మునిగినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. కొన్న బండిని సొంత దేశంలోకి రానివ్వరని కొన్న తర్వాత తెలుసుకున్న డ్రైవర్‌ను చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను మస్కట్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో డ్రైవర్ని. నా భార్య పద్మ సూర్యాపేటలో. మా యజమానికి డీజిల్‌తో నడిచే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఒకటి ఉండేది. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన ముసలిది. సగం తిప్పింది నేనే. పొద్దున స్టార్టు చేస్తే, మా మార్కెట్‌లో వడ్ల లారీ దగ్గినట్టు దగ్గేది. ఆ దగ్గు వింటే ఊళ్ళో ఉన్నట్టే అనిపించేది నాకు.

శుక్రవారం ఆ బండిలోనే కూర్చుని పద్మకు ఫోన్ చేసేవాణ్ణి. మాకో ఆట ఉండేది. ఫోన్లోనే సూర్యాపేట నుంచి వాడపల్లికి, మూసీ కృష్ణలో కలిసేచోటికి, బయల్దేరేవాళ్ళం.

“యాడిదాక వచ్చినం?”

“మిర్యాలగూడ. ఆపు, చాయ్ తాగుదం.”

“గిప్పుడే తాగినం గదనే!”

“నువ్వు తాగినవ్. నేనీడ బియ్యం ఏరుతున్న.”

మిర్యాలగూడ దాటేలోపు ఫోన్ కార్డు ఖతం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వాడపల్లి చేరలేదు. ఫోన్ తెగాక పక్కసీటు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చునేవాణ్ణి. పద్మను చూడాలని ప్రాణం కొట్టుకునేది.

ఇంతలో యజమాని ఆ బండి అమ్మేస్తానన్నాడు. ఇంకేముంది, నేనే కొన్నాను! ఓడ ఎక్కించి ఇంటికి తెస్తాను, పద్మను పక్కన కూర్చోబెట్టుకుంటాను. అంతకుమించి ఒక్క ఆలోచన తలలోకి రాలేదు.

“నేను ఏ పక్క కూసోవాలె?” అని అడిగింది పద్మ.

“కుడిపక్క.”

“కుడిపక్క డ్రైవర్ కూసుంటడు గదా?”

“ఈ దేశంల గట్లనే ఉంటదే. డ్రైవర్ ఎడమకు, పెండ్లాం కుడికి. ఆటో తప్ప ఏం ఎక్కినవ్, నీకేం తెలుస్తది!”

ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే మీకీ కథ దక్కేది కాదు. కానీ నేను అనుభవమున్న డ్రైవర్ని కదా, ఆలోచించడం నాకెందుకు?

అక్కడ పద్మ ఇంటి ముందు గోడ పగలగొట్టించి, లారీ పట్టేంత గేటు పెట్టించింది. వీధంతా ఒకటే ప్రశ్న: “దుబాయ్ బండి ఎప్పుడొస్తది?” మస్కట్ అని ఎంత చెప్పినా మా వీధికి అన్నీ దుబాయే.

మస్కట్‌లో, ఓడలో సరుకు పంపే ఆఫీసులో సుధాకర్ అని కోదాడ కుర్రాడు పనిచేసేవాడు. మనవాడే కదా అని కాలరెగరేసుకుని వెళ్ళాను.

“బండి వయసెంత బాబాయ్?” అని అడిగాడు.

“బాగనే ఉంటది. పెద్దమనిషే.”

“స్టీరింగ్ ఎటుంది?”

“ఎడమకు. గీడ అన్నీ గంతే గదా.”

సుధాకర్ పెన్ను కింద పెట్టాడు. “ఎడం స్టీరింగ్ పాతబండిని మన దేశంలోకి రానివ్వరండి. ఇంత పాతదైతే కుడి స్టీరింగ్ ఉన్నా రానివ్వరు. కొనేముందు ఒక్కమాట అడగొద్దా బాబాయ్?”

“స్టీరింగ్ పీకి అటు పెడితే?”

“వయసు కూడా పీకుతారా?”

“జర సూడు బిడ్డా. ఇంటికాడ గేటు గిట్ల పెట్టించినం.”

“గేటుకేం ఇబ్బంది లేదండి. దానికి పర్మిషన్ అక్కర్లేదు.”

బయటికొచ్చి బండిలో కూర్చున్నాను. నా ఏడుపు ఎవరికీ వినబడకుండా ఇంజన్ స్టార్టు చేసుకుని మరీ ఏడ్చాను.

శుక్రవారం పద్మకు చెప్పక తప్పలేదు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. ఇక్కడ కార్డు కరిగిపోతోంది.

“నేను సెప్పలే, కుడిపక్క డ్రైవర్ కూసుంటడని?”

“సెప్పినవ్.”

“నేను బండి అడిగిన్నా? బండి రాకుంటే నువ్వు సుత రావా?”

ఆ మాట విన్నాక బండిని అక్కడే ఒక కూరగాయల వ్యాపారికి అమ్మేసి, ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను. వచ్చిన వారంలోనే వాడపల్లికి ప్రయాణం కట్టాం. సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సు ఎవరూ ఎక్కకముందే ఎక్కి, ముందువైపు సీట్లో పద్మ పక్కన దర్జాగా కూర్చున్నాను. బస్సు నిండింది. కండక్టర్ వచ్చాడు.

“లెవ్వు లెవ్వు. సదువు రాదా? ఆడోళ్ల సీటు.”

“నా పెండ్లామే సార్.”

“పెండ్లాం నీదే. సీటు ఆడోళ్లది.”

కోళ్ళ గంపతో ఒకామె నా సీట్లో కూర్చుంది. నేను వెనక కడ్డీకి వేలాడాను. అంత సముద్రం దాటి వచ్చినా, పద్మకూ నాకూ మధ్య మళ్ళీ బస్సెడు జనం. అంతలో పద్మ కిటికీ సీటు వదిలేసి, జనాన్ని తోసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

“సీటు ఇడిసిపెట్టి వస్తివేందే? మిర్యాలగూడ దాక నిలవడాలె.”

“పక్కన లేకుంటే నువ్వు మల్ల ఏ దేశం పోతవో!”

నలుగురూ నవ్వారు. ఆ బస్సు కడ్డీ పట్టుకుని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఓడెక్కి రావాల్సిన బండి కొనను. ఎడ్లబండి కొన్నా సరే, ముందు పద్మను అడుగుతాను. ఆ రోజు వాడపల్లి చేరనైతే చేరాం, ఇంతవరకూ ఒట్టూ తప్పలేదు. అడిగిన ప్రతిసారీ వద్దంటోంది, కాబట్టి ఇప్పటికీ ఇద్దరం బస్సులోనే నిలబడి పోతున్నాం.