పేగులకు చిల్లులు, ఓవెన్‌లో పిండి

నా కడుపులో ఏదో తేడా ఉందని మొదట కనిపెట్టింది మా ఆఫీసువాళ్లు. పొద్దున మీటింగ్‌లో మ్యూట్ నొక్కడం మర్చిపోయాను. నేను నోరు విప్పలేదు, నా పొట్టే మాట్లాడింది, అదీ చాలాసేపు. మీ ఇంట్లో కుక్క ఉందా అని మేనేజర్ మర్యాదగా అడిగాడు. ఉందని చెప్పేశాను. ఆ తర్వాత ఆయన దాని బాగోగులు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సి వచ్చింది.

ఉబ్బరం, గ్యాస్, తిన్న వెంటనే ముంచుకొచ్చే నిద్ర, ఇదీ నా బాధ. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతుంది, వీడియోకి ఎంతసేపు? తెల్లకోటు వేసుకున్న ఒకాయన తోటకు నీళ్లు పట్టే గొట్టం తెచ్చి, దానికున్న చిల్లుల్లోంచి నీళ్లు చిమ్ముతుంటే చూపించాడు. మీ పేగులూ ఇలాగే ఉన్నాయి, దీన్నే లీకీ గట్ అంటారన్నాడు. మధ్యాహ్నం తిన్న పప్పుచారు లోపల ఎక్కడెక్కడికి కారిపోతోందోనని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాటి నుంచి గోధుమ మానేశాను. పాలు, పెరుగు, పప్పులు మానేశాను. టమాటా, వంకాయ, మిరపకాయ కూడా శత్రువులేనని ఇంకో వీడియో చెప్పింది, వాటితోనూ మాటలు బంద్. చివరికి సొరకాయకు చెల్లెల్లాంటి జుకినీ, అదీ ఉడకబెట్టింది, ఒక్కటే నా వైపు మిగిలింది. పేగుల చిల్లులు పూడుస్తాయన్న పొడులు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. వాటి వెనక స్టవ్ కనబడటం లేదని మా ఆవిడ గొడవపెట్టింది.

ఉబ్బరం తగ్గలేదు. బరువు తగ్గింది, కోపం పెరిగింది. అన్నిటికన్నా కష్టమనిపించింది మాత్రం రాత్రి భోజనం. పగలంతా మా ముగ్గురిలో ఎవరి స్క్రీన్ వాళ్లది. బల్ల దగ్గర కలిసి తినే ఆ కాసేపే మేమొక కుటుంబం. తాలింపు వాసన తట్టుకోలేక నేను నా జుకినీ పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయి తినడం మొదలుపెట్టాను. గోడ అవతల మా ఆవిడా, అమ్మాయీ నవ్వుకుంటుంటే ఎందుకో తెలిసేది కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ఏడుపొచ్చేది. పేగుల సంగతి దేవుడెరుగు, ఇక వాళ్లతో కూర్చుని తినే యోగం లేదేమోనన్న దిగులు పట్టుకుంది.

ఎట్టకేలకు అపాయింట్‌మెంట్ దొరికింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, గోధుమ పడని జబ్బేమీ లేదని తేల్చింది. పేగు గోడ కొన్నిటిని రక్తంలోకి పోనివ్వడం మామూలేనని, కొన్ని జబ్బుల్లో అది ఎక్కువవుతుందని, కానీ ప్రతి ఉబ్బరానికీ అదే కారణమనడానికి ఆధారాలు లేవని ఓపిగ్గా వివరించింది. పొడులు ఆపమంది. రెండు మీటింగ్‌ల మధ్య నిలబడి మింగడం మానేసి నమిలి తినమంది. తిన్నాక నడవమంది, కాఫీ తగ్గించి వేళకు పడుకోమంది, పీచున్న తిండి మెల్లగా పెంచమంది. మానేసినవి ఒక్కొక్కటే మళ్లీ తిని చూడమంది. పులిసిన పిండి వంటలు కొందరికి తేలిగ్గా అరుగుతాయని, కావాలంటే వాటితో మొదలుపెట్టమంది. నేను గొట్టం సంగతి అడిగాను. ఏ గొట్టం అని ఆవిడ నన్నే అడిగింది.

ఇడ్లీతో మొదలుపెడదామనుకున్నాను. అమెరికాలో మేముండే ఆష్‌బర్న్ చలికి పిండి పులవాలంటే ఓవెనే గతి. ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, ఆ వెచ్చదనంలో గిన్నె పెట్టేస్తాం. జాగ్రత్త గలవాళ్లు, లోపల పిండి ఉందని తలుపు మీద కాగితం అంటిస్తారు. శుక్రవారం సాయంత్రం నేనే మినప్పప్పు రుబ్బి, రవ్వ కలిపి, పెద్ద స్టీలు గిన్నెలో పోసి లోపల పెట్టాను. కాగితం అంటించలేదు.

శనివారం పొద్దున మా ఊరి నిండా ఉన్న డేటా సెంటర్ల గోడల పక్కన నడుస్తూ, రెండు ఇడ్లీలు తినడానికి కావలసిన ధైర్యం కూడగట్టుకుని ఇంటికొచ్చాను. తలుపు తీయగానే మినుములు కాలుతున్న కమ్మటి వాసన. వంటింట్లో ఆరో క్లాసు చదివే మా అమ్మాయి మోచేతుల దాకా పిండి పూసుకుని ఏదో కలుపుతోంది. ఓవెన్ నిప్పులు కక్కుతోంది. నేను వేసిన కేకకు మా ఆవిడ మేడ మీది నుంచి పరుగెత్తుకొచ్చింది.

గిన్నె బయటికి తీసి మూత ఎత్తాం. ఇడ్లీ పిండి లేదు. పైన తెల్లగా, మెత్తగా, అంచుల్లో ఎర్రగా, పళ్లెమంత రొట్టె ఉంది. తిరగేసి నాలుగు దెబ్బలు వేస్తే దబ్బున పడింది. అడుగు కొంత గిన్నెకే అంటుకుంటే మా ఆవిడ అట్లకాడతో గీరి, అక్కడే నోట్లో వేసుకుని, నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది దిబ్బరొట్టె అండీ. మీ కూతురు బటన్ నొక్కి చేసేసింది."

కూతురు మాత్రం నవ్వలేదు. కళ్ల నిండా నీళ్లు. "సారీ నాన్నా, నేను లోపల చూడలేదు. నీకు కేక్ చేస్తున్నా. నో వీట్, నో మిల్క్. అది అయితే నువ్వు మాతో కూర్చుని తినొచ్చు కదా."

బల్ల దగ్గర కూర్చుని రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు నమిలాను. వాళ్లిద్దరూ నా మొహం వదిలేసి నా పొట్టనే చూస్తున్నారు. అది ఏమీ అనలేదు. ఇంకో ముక్క తిన్నాను.

మధ్యాహ్నానికి అమ్మాయి కేక్ కూడా తయారైంది. చాకు దిగలేదు. ఎలాగో విరిచి, నాకంటే ముందు తనే కొరికి చూసి, చాలాసేపు నమిలి, నా ప్లేటు వెనక్కి లాక్కుంది.

"నాన్నా, నువ్వు ఇది తినకు. మాది తిను."

ఒక్కొక్కటే తినమన్న మాట గుర్తుంది. పొద్దున మినప్పప్పు తిన్నాను గనక కందిపప్పూ ఆ ఖాతాలోదేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆ రాత్రి వాళ్లతో కూర్చుని పప్పన్నం కలుపుకున్నాను. తిన్నాక కొంచెం ఉబ్బింది. మా అమ్మాయి నా పొట్టకు చెవి ఆనించి, లోపలి చప్పుళ్లు వింటూ పకపకా నవ్వుతుంటే, తను లేచేదాకా కదలకుండా కూర్చున్నాను.