నా భార్య నొప్పికి నేనిచ్చిన జవాబులు

నా భార్య చాలా రాత్రులు లేచి కూర్చుని, తిమ్మిరెక్కిన కుడిచేతిని దులుపుకునేది. అది నేను చూశాను. సూర్యాపేట డాక్టరు అడిగినప్పుడు మాత్రం చెప్పలేదు.

కారణం సకినాలు. కోదాడలో మా చెల్లెలి బిడ్డ పెళ్లి. పెళ్లికూతురి వెంట పంపే సారెకు గంపెడు సకినాలు మా ఇంటి నుంచే వస్తాయని, ఆమెను అడగకుండానే మాటిచ్చాను. తడిపిన బియ్యప్పిండిని వేళ్లతో మెలితిప్పుతూ బట్ట మీద చుట్టలు చుట్టి, నూనెలో వేయించాలి. మాటిచ్చిన నాకు ఒక్క చుట్టు కూడా రాదు. చేతికి విశ్రాంతి కావాలని డాక్టరు అంటే బంధువుల్లో నా పరువేం కావాలి?

మా మునగాల వైపు మగవాళ్లకు ఒక అలవాటుంది. నొప్పి భార్యదైనా డాక్టరు ముందు జవాబు మాది. సూర్యాపేట డాక్టరు ఆమె రెండు చేతుల వెనుకభాగాలను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు వంచి, వేళ్లు కిందికి ఉండేలా పట్టుకోమన్నాడు. "ఒక నిమిషం ఉంచమ్మా. తిమ్మిరొస్తే చెప్పు."

"తిమ్మిరేం లేదు సార్," అన్నాను.

"జర నన్ను చెప్పనియ్యి," అంది నా భార్య.

ఆయన మణికట్టు మీద వేలితో తట్టాడు. ఆమె ఉలిక్కిపడింది.

"ఆమెకు గిలిగింతలెక్కువ సార్."

బయట జనం చాలామంది ఉన్నారు. ఆయనకూ నా జవాబులే సులువుగా తోచాయి. విటమిన్ గోళీలు రాసి పంపాడు.

పెళ్లిలో అందరూ సకినాలను మెచ్చుకున్నారు. "వదిన చెయ్యి పడితే గట్లనే ఉంటది అన్నా," అంది చెల్లెలు. ఆ మెప్పునూ నేనే అందుకున్నాను.

కొన్ని నెలలకు నా భార్య చేతిలోంచి చాయ్ గ్లాసులు జారసాగాయి. ఈసారి మిర్యాలగూడలో ఒక డాక్టరమ్మకు చూపించాం. మళ్లీ అవే పరీక్షలు. నేను నోరు తెరవగానే, "నొప్పి మీకా, ఆమెకా?" అంది.

కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

మణికట్లు వంచిన కాసేపటికే నా భార్య, "బొటనవేలు, దాని పక్క రెండేళ్లు జివ్వుమంటున్నయి మేడం. చిటికెనవేలికి ఏం లేదు," అంది. ఏ వేలికి ఏమవుతోందో నేను ఏనాడూ అడగలేదు.

డాక్టరమ్మ ఆమె అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. కుడి బొటనవేలి కింది కండ గుంటపడింది. మణికట్టులో నరం నలుగుతోందట. ఆపరేషన్‌తో తిమ్మిరి తగ్గవచ్చు. పోయిన బలం మొత్తం తిరిగొస్తుందని మాత్రం చెప్పలేనంది.

"ఇన్ని రోజులు ఏం చేశారు?"

ఆ జవాబు డాక్టరమ్మకు కాదు, పక్కన తన చెయ్యిని చూసుకుంటున్న మనిషికి చెప్పాలి. ఆమె వైపు తిరిగాను.

"నీ బాధ నాకు ఎరుకే. మా చెల్లె ముందు మాట పోతదని దాసిన. తప్పు నాదే. నన్ను మన్నించు."